గదిలో ఉన్న మనిషి

"నీ తరఫున నేను చెప్పేశాన్లే" అన్నారు మా ఆయన, అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను ఆయన చేతిరుమాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఏం చెప్పారో, ఎవరికి చెప్పారో అడగకుండానే "సరేనండీ" అనబోయాను. అంతలో ఆయనే అందుకున్నారు. "రేపు మీ కాలేజీకి కమిటీ వస్తోంది కదా. ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ విడిగా మాట్లాడక్కర్లేదు, డిపార్ట్‌మెంట్ తరఫున నేనే నోట్ చదువుతానని చెప్పా. నీకెందుకొచ్చిన గోల." ఇస్త్రీపెట్టె ఒకే చోట కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది. రుమాలు అంచు గోధుమరంగుకి తిరిగింది. ఆ అంచు లోపలికి వచ్చేట్టు మడిచి ఆయన చేతికిచ్చాను.

మా ఆయన కాలేజీ విద్యాశాఖలో జాయింట్ డైరెక్టరు. రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో ఎవరు ఎక్కడ పాఠం చెప్పాలో, ఎవరిని ఎక్కడికి బదిలీ చెయ్యాలో, ఏ గదికి ఎవరు తాళం వెయ్యాలో తేల్చే ఆఫీసు అది. నేను ఆ కాలేజీల్లో ఒకదానిలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆయన చెడ్డవారు కారు. ఒక్క మాట తూలరు, జీతం దాచుకోరు, నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుంటారు. కాకపోతే నా నోరు కూడా తనదే అనుకుంటారు. ఒకసారి డాక్టరు నన్ను "నొప్పి ఎక్కడమ్మా" అని అడిగితే ఆయన చెయ్యి చాపి నా భుజం చూపించారు. నొప్పి మెడలో. భుజానికే మందు రాయించుకుని వచ్చాం. నా సర్వీసు వివరాల్లో ఫోన్ నంబరు కూడా ఆయనదే. ఉద్యోగంలో చేరిన రోజున ఆయనే రాయించారు, ముఖ్యమైన కబురేదైనా ఉంటే ముందు తనకి తెలిస్తే మంచిదని. నాకూ అప్పుడు అది ప్రేమలాగే కనిపించింది. ప్రేమ కాదని ఇప్పటికీ అనను.

ఇన్‌ఛార్జ్ అనే మాట గురించి కూడా చెప్పాలి. మా ప్రిన్సిపాల్ రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో ఎవరినీ వెయ్యలేదు. డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరో ఫోన్ చేసి, నాకు కాదు, మా ఆయనకి, "మేడంగారిని కొన్నాళ్ళు చూసుకోమనండి" అన్నారు. ఆ కొన్నాళ్ళకి ఏళ్ళొచ్చాయి. ఇన్‌ఛార్జ్ అంటే పని మొత్తం మనది, సంతకం సగం మనది, నిర్ణయం అసలు మనది కాదు. మా ల్యాబ్‌లో కొళాయి కారుతుంటే మార్చడానికి పైనుంచి అనుమతి కావాలి. అడిగాను. మళ్ళీ అడిగాను. అనుమతి వచ్చేసరికి, ఆ కొళాయి గురించి మొదట ఫిర్యాదు చేసిన అమ్మాయి చదువు పూర్తిచేసుకుని మా కాలేజీలోనే గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. కొత్త కొళాయిని తనే తిప్పి చూసి, "మేడం, దీనికీ నాకూ ఒకేసారి పోస్టింగ్ వచ్చింది" అంది.

ఇంకో వింత కూడా ఉంది మా కాలేజీలో. ఇన్‌ఛార్జ్‌గా ఉన్నవాళ్ళు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఏ రూల్లోనూ లేదు. ఆ పెద్ద కుర్చీ మీద తెల్లటి తువ్వాలు పరిచి ఉంటుంది. ఆఫీసు సూపరింటెండెంటు రోజూ పొద్దున్నే దాన్ని దులిపి, మళ్ళీ సర్దుతారు. నేను బల్లకి పక్కగా మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్ళు ఖాళీ కుర్చీ వైపు చూసి నమస్కారం పెట్టబోయి, తడబడి, నా వైపు తిరుగుతారు. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత అలవాటైపోయింది. ఇంట్లో మా అత్తగారు కూడా ఈ విషయంలో చాలా కచ్చితమైన మనిషి. చుట్టాలెవరైనా "మీ కోడలు ప్రిన్సిపాలట కదా" అంటే వెంటనే సరిదిద్దుతారు, "ప్రిన్సిపాలు కాదమ్మా, ఇన్‌ఛార్జ్." ఆవిడని అనడానికేముంది. ఆ ఇంటి వంటగదిలో ఏళ్ళ తరబడి ఆవిడ కూడా ఇన్‌ఛార్జే. ఏ కూర వండాలో మామగారు చెప్పేవారు.

ఇక కమిటీ సంగతి. ప్రభుత్వ కాలేజీలూ యూనివర్సిటీలూ ఎలా నడవాలన్న చట్టాన్ని మార్చాలని ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. కమిటీ ముసాయిదాలో ఉన్నది క్లుప్తంగా ఇంతే. ఒక్కో కాలేజీకి తన సొంత కౌన్సిల్ ఉండాలి. అందులో సగం మందిని ఆ కాలేజీ అధ్యాపకులూ, విద్యార్థులూ, పనివాళ్ళూ ఎన్నుకోవాలి. ప్రిన్సిపాల్‌ని ఆ కౌన్సిలే ఎంచుకోవాలి, ఎంచుకున్నాక గడువు దాకా కదపకూడదు. డిపార్ట్‌మెంట్ డబ్బు ఇవ్వాలి, తనిఖీ చెయ్యాలి, అంతేగానీ కొళాయిలు తిప్పకూడదు. ఆఖరి మాట ముసాయిదాలో లేదు, నేను చేర్చుకున్నాను. దాన్ని నేను వంటింట్లో, కుక్కర్ మూడో కూత వేసేలోపు, నిలబడి చదివాను. కథలు చదివి ఏడ్చినదాన్నే కానీ, చట్టం చదివి కళ్ళు చెమర్చడం అదే మొదలు. మనం మన సంగతి మనమే చూసుకోగలమని ఎవరో నమ్మి, దాన్ని సెక్షన్లు వేసి మరీ రాశారు.

ఆ రాసినావిడే కమిటీకి అధ్యక్షురాలు. భూగర్భశాస్త్రం ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన ఆఫీసులో ఆవిడని 'కుర్చీ మేడం' అంటారు. ఎందుకో మర్నాడు కళ్ళారా చూశాను.

కమిటీ మా పాత లైబ్రరీ హాల్లో కూర్చుంది. సూపరింటెండెంటు హడావిడి పడి ప్రిన్సిపాల్ కుర్చీని తువ్వాలుతో సహా మోయించుకొచ్చి వేదిక మీద వేశారు. ఆవిడ వచ్చారు. పొట్టి మనిషి, కాన్వాసు బూట్లు, చేతిలో రంగు వెలిసిన గొడుగు. ఆ కుర్చీని చూసి "ఇది నేను లాగలేను నాయనా, తేలికైనదేదైనా ఉందా" అని అడిగి, చదువుకునే పిల్లల బల్ల దగ్గరి చెక్క కుర్చీ ఒకటి తీసుకున్నారు. ఆవిడకి ఒక చెవే పనిచేస్తుంది. అందుకని ఎవరు మాట్లాడినా లేచి, ఆ కుర్చీని గరగరా ఈడ్చుకుంటూ వెళ్ళి, వాళ్ళ ఎదురుగా వేసుకుని, వినబడే చెవి అటు తిప్పి కూర్చుంటారు. మైకు పట్టుకుని ఉపన్యాసం ఇద్దామని వచ్చినవాళ్ళకి ఎదురుగా ఒక పెద్దావిడ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని "ఊఁ, చెప్పండి" అంటే గొంతు దానంతటదే మామూలు గొంతైపోయేది. అబద్ధం చెప్పడం కూడా కష్టమే అంత దగ్గర్నుంచి.

మొదట్లోనే ఒక నియమం చెప్పారు. "ఇక్కడ ఎవరైనా ఏమైనా అడగొచ్చు, నన్ను తిట్టొచ్చు కూడా. ఒక్కటి మాత్రం కుదరదు. గదిలో ఉన్న మనిషి తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు." అందరూ ఏదో మర్యాద మాట అనుకుని తలూపారు. కాసేపటికే ఒక సీనియర్ లెక్చరర్ లేచి "మా ఆడపిల్లల తరఫున నేనొక విన్నపం" అంటూ మొదలుపెట్టారు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, కుర్చీ ఈడ్చుకుంటూ వెనక వరసలో ఉన్న అమ్మాయిల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన విన్నపం బట్టల్లో క్రమశిక్షణ గురించి. అమ్మాయిలు చెప్పింది, మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజున తాళం వేసి ఉండే టాయిలెట్ గురించి. ఆ తాళం తీయించలేకపోయింది నేనే, తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలన్న ఫైలు ఇంకా పైనే ఉంది. అయినా సిగ్గుకంటే నాకు ఆ పిల్లల్ని చూసి గర్వమే ఎక్కువ కలిగింది.

మా ఆయన లేచి, ఈ మార్పు వద్దంటున్న డిపార్ట్‌మెంట్ నోట్ చదివారు, బాగా చదువుతారు కూడా. తరవాత కాగితం పక్కనపెట్టి తన సొంత ప్రశ్న ఒకటి అడిగారు. "మేడం, కాలేజీలకి పెత్తనం ఇచ్చేస్తే ఊళ్ళో డబ్బున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు కౌన్సిల్‌ని జేబులో వేసుకోరా? మేం అడ్డుగా ఉన్నాం కాబట్టే లెక్చరర్లు కాస్త నిశ్చింతగా ఉన్నారు." అది మంచి ప్రశ్న. ఆయన నిజాయితీగానే అడిగారు, అలాంటివాళ్ళని ఆయన ఆఫీసులో ఎదిరించి నిలబడటం నాకు తెలుసు. ఆవిడ కొట్టిపారెయ్యలేదు. "వేసుకోవచ్చు. అందుకే సగం సీట్లు లోపలివాళ్ళు ఎన్నుకునేవి పెట్టాం, సమావేశాలు తలుపులు తీసే జరపాలన్నాం. చాలదంటే ఇంకేం చెయ్యాలో మీలాంటివాళ్ళే చెప్పాలి, రాసి ఇవ్వండి. తప్పులు జరగవని నేననను. కానీ ఇక్కడ జరిగిన తప్పుకి ఇక్కడే ఎవరినో పట్టుకుని అడగొచ్చు. పైన జరిగిన తప్పుకి ఈ పిల్లలు బస్సెక్కి ఎక్కడికి రావాలి?" అన్నారు. మా ఆయన కాసేపు ఆలోచించి కూర్చున్నారు. ఆయన్ని ఓడించినట్టు కాకుండా, తోడు రమ్మన్నట్టు మాట్లాడారు ఆవిడ. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

అప్పుడు ఆవిడ అడిగారు. "ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ ఎవరు?"

"వారి అభిప్రాయం కూడా నోట్‌లో చేర్చామండీ" అన్నారు మా ఆయన, కూర్చున్నచోటి నుంచే.

"ఆవిడ రాలేదా?"

"వచ్చారు."

"అయితే మీకెందుకు శ్రమ" అని ఆవిడ కుర్చీ గరగరలాడించుకుంటూ నా దగ్గరికి వచ్చారు. హాల్లో ఎవరో నవ్వారు. ఆవిడ చెవి నా వైపు తిప్పి, కళ్ళు నేల మీద పెట్టి, ఎదురుచూస్తూ కూర్చున్నారు. నేను ముందు మా ఆయన వైపు చూశాను. అది నేను చేసిన పని కాదు, మెడ చేసింది. ఆయన కూడా నా వైపే చూస్తున్నారు. అప్పుడు కొళాయి గురించి మొదలుపెట్టాను. అక్కడ్నుంచి గొంతు దారి చూసుకుంది. పాఠం మధ్యలో బదిలీ అయిపోయిన గణితం మాస్టారి గురించి, ఆ ఏడు పరీక్ష తప్పిన పిల్లల గురించి, తాళం గురించి, ఎవరూ కూర్చోని కుర్చీ గురించి కూడా చెప్పాను. తువ్వాలు మాట వినగానే ఆవిడ పకపకా నవ్వారు. నేనూ నవ్వేశాను.

"బాగుంది. కాలేజీకేం కావాలో చెప్పారు, పిల్లలకేం కావాలో చెప్పారు. మీకేం కావాలి?" అని అడిగారు.

లెక్చరర్లకి ఖాళీలు భర్తీ చెయ్యాలండీ, అన్నాను.

"అది విన్నాను. మీకు?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదని అంటే అబద్ధం, బట్టల కొట్లో అడుగుతారు. కానీ దానికి ఇంట్లో ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "మీ ఇష్టం." ఆ జవాబు ఇక్కడ పనికిరాదని తెలుస్తూనే ఉంది. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పారు. "చట్టం రావడానికి ముందు రెండు మూడు కాలేజీల్లో ఈ పద్ధతి నడిపి చూపించమన్నారు. మీ కాలేజీని తీసుకోవాలని నాకుంది. కానీ పనిచేస్తున్న ఇన్‌ఛార్జ్ కౌన్సిల్ ముందు నిలబడి, ప్రిన్సిపాల్ ఉద్యోగం నాకు కావాలి అని అడగడానికి సిద్ధంగా ఉండాలి. వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఇంకొకరిని ఎంచుకోవచ్చు. అడిగేవాళ్ళే లేని చోట మొదలుపెట్టలేను. ఇప్పుడే చెప్పక్కర్లేదు, సాయంత్రం ఫోన్ చేస్తాను." అని లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి వింటున్న వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళిపోయారు.

కాలేజీ నుంచి ఇంటికి వచ్చేదారిలో ఆవిడ నాతో మెల్లగా అన్నదంతా మా ఆయనకి చెప్పాను. ఆయన కారు నడుపుతూ చాలా మెత్తగా మాట్లాడారు. నేను బాగా మాట్లాడానన్నారు. ఆ మాట ఆయన నిజంగానే అన్నారు, నేను నిజంగానే పొంగిపోయాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అసలు మాట వచ్చింది. "అయినా ప్రిన్సిపాల్ అంటే మాటలా. కౌన్సిల్ ముందు నిలబడి నన్ను పెట్టుకోండి అని అడుక్కోవాలా నువ్వు? వాళ్ళు కాదంటే ఏం మొహం పెట్టుకుంటావ్? మేం వద్దంటున్న పద్ధతికి నా భార్యే ముందు నిలబడితే రేపు ఆఫీసులో నేనేం మొహం పెట్టుకోవాలి? అమ్మకి చూస్తే ఒంట్లో బాగుండదు. ఇల్లు ఎవరు చూస్తారు?" పచ్చ దీపం పడింది. "ఇప్పుడు హాయిగా లేదూ? పని ఎలాగూ నువ్వే చేస్తున్నావు" అని బండి కదిలించారు. దారిపొడుగునా ఆ ఆఖరి వాక్యమే నా చెవిలో తిరిగింది. పని ఎలాగూ నేనే చేస్తున్నాను. ఆయన దాన్ని నాకు ఓదార్పుగా చెప్పారు.

ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. "ఏమైంది మీ కమిటీ" అని అడిగారు, తలెత్తకుండానే. గిన్నెలు కడుగుతూ అంతా చెప్పాను. కుర్చీ ఈడ్చడం చెప్పాను, టాయిలెట్ తాళం చెప్పాను, గదిలో ఉన్న మనిషి తరఫున ఎవరూ మాట్లాడకూడదన్న నియమం చెప్పాను. అక్కడ ఆవిడ చేతిలో కాయ ఆగింది.

"అంటే, మనిషి అక్కడే ఉంటే ఆ మనిషినే అడగాలా?"

"అవును అత్తయ్యా."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే. వాచ్‌మన్‌ని కూడా అలాగే అడిగారు."

"బాగానే ఉంది" అని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక, "మీ మామగారు నాకు తీపి ఇష్టముండదని అందరికీ చెప్పేవారు. పెళ్ళిళ్ళలో నా విస్తట్లో వెయ్యనిచ్చేవారు కాదు" అన్నారు. నేను కొళాయి కట్టేసి వెనక్కి తిరిగాను. ఇష్టమో కాదో ఆవిడ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ టీలో చక్కెర తగ్గించి వేస్తున్నదాన్ని నేను. ఆ పూట డబ్బా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను, తనే వేసుకున్నారు.

దీపాలు పెట్టే వేళకి హాల్లో ఫోన్ మోగింది. మా ఆయన ఫోను. ఆవిడ కమిటీ దగ్గర ఉన్నది నా సర్వీసు వివరాల్లోని నంబరే కదా, ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. "నమస్తే మేడం, చెప్పండి" అంటున్నారు ఆయన. నేను హాలు గుమ్మంలో నిలబడ్డాను. అత్తగారు తన వాలుకుర్చీలో ఉన్నారు. "అవునండీ, నాతో చెప్పింది. ఆలోచించాం. ఆవిడకి అలాంటి ఉద్దేశం లేదండీ. ఇంటి బాధ్యతలు ఉన్నాయి కదా, అంత పెద్ద..." ఆయన గొంతులో ఏ కపటమూ లేదు. తనకి తెలిసిన నిజమే చెబుతున్నారు. ఈ మాటతో వేరే ఊళ్ళో వేరే కాలేజీకి వెళ్ళిపోతుంది ఆ కౌన్సిల్. పొద్దున్నే సూపరింటెండెంటు తువ్వాలు దులుపుతారు. నేను నోరు తెరిచాను.

"ఒరేయ్" అన్నారు అత్తగారు. "అమ్మాయి ఇక్కడే ఉందిరా."

ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి కాస్త జరిపి "ఏంటమ్మా" అన్నారు.

"గదిలోనే ఉంది. దాన్ని అడగనియ్యి ఆవిణ్ణి."

కొడుకుతో ఆవిడ అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గొంతు పెంచలేదు కూడా, టీ చల్లారిపోయిందని చెప్పినట్టు చెప్పారంతే. మా ఆయన ఆవిడ వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయన మొహంలో కోపం లేదు. హాల్లో లేనివాళ్ళెవరో ఉన్నట్టుండి కనబడినట్టు చూశారు. నేను చెయ్యి చాపాను. కాస్త ఆలస్యంగానే అయినా, ఫోన్ నా చేతిలో పెట్టారు.

"మేడం, నేను మాట్లాడుతున్నాను. నాకు ప్రిన్సిపాల్ ఉద్యోగం కావాలండీ" అన్నాను, అలవాటు కొద్దీ మెల్లగా, ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది కలగనంత మెల్లగా.

"వినబడలేదమ్మా" అన్నారు ఆవిడ అవతల్నుంచి. "చెవి సంగతి తెలుసు కదా. కాస్త గట్టిగా చెప్పండి."

అత్తగారు వాలుకుర్చీలో ముందుకి వంగి కూర్చున్నారు, వినడానికి. నేను ఊపిరి తీసుకుని, వీధిలోకి వినబడేంత గట్టిగా మళ్ళీ చెప్పాను.